ఏడో ప్రశ్నకు సాక్ష్యం

తబితమ్మను ఆడపిల్లల హాస్టలు నుంచి తప్పించిన ఉత్తరాన్ని కోడలు ఫెబా మూడుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కోసం, రెండోసారి తప్పుల కోసం, మూడోసారి కోపం చల్లారుతుందేమోనని. చల్లారలేదు. పైగా పొయ్యి మీద పప్పు మాడింది.

మానసిక చికిత్స పూర్తయ్యేవరకు ఈమెను పిల్లలకు దూరంగా ఉంచవలెనట. కింద మేనేజరు సిలాసు సంతకం. ఇరవై రెండేళ్లు వార్డెనుగా ఆ పిల్లల మధ్యే బతికిన మనిషికి ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. మూడు రోజుల్లో ఇంట్లో బట్టలన్నీ విప్పి మళ్లీ మడతపెట్టింది.

హైదరాబాదులో అద్దాల మేడలు లేస్తున్న కాలమది. అక్కడి కంపెనీ ఒకటి బీదరులోని ఈ హాస్టలును దత్తత తీసుకుంది. ముందు కొత్త మంచాలు పంపింది, వాటి వెనకే నలభై ప్రశ్నల ఫారంతో, తెలుగు రాని ఒక కౌన్సెలర్‌ను పంపింది. ఫారం ఇంగ్లీషులో ఉంది. తర్జుమా చేసిపెట్టమని ఫెబానే పిలిచారు. ఆమెకు అసలు మంట అదే.

బాధ మనసులోనా, ఒంట్లోనా అని అడిగితే తబితమ్మ తెల్లబోయింది. జ్వరమొచ్చినా దిగులొచ్చినా ఆమెకు పానమే, అంటే ప్రాణమే, బాగుండదు. అందులో రెండు అరలుంటాయని ఎవరూ చెప్పలేదు. ఇక ఏడో ప్రశ్న: ఇతరులకు వినిపించని స్వరాలు మీకు వినిపిస్తాయా? తబితమ్మ ముఖం వెలిగింది. ఆదివారం చర్చి గుడిలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచినట్టే లేచి, నెత్తిన కొంగు కప్పుకుని, దేవుడు తనతో రోజూ మాట్లాడతాడని చెప్పింది. ఫెబా పొల్లు పోకుండా ఇంగ్లీషు చేసింది. కాలేజీ చదువు అలా అక్కరకొచ్చింది.

ఆ జవాబుకు ఫలితమే ఈ ఉత్తరం. సోమవారం పొద్దున ఫెబా అత్తను వెంటబెట్టుకుని హాస్టలు ఆఫీసుకు వెళ్లింది. కౌన్సెలర్ మర్యాదస్తురాలు. కుర్చీలు వేయించి, ఇది అవమానం కాదనీ, మంచి మందులున్నాయనీ నెమ్మదిగా వివరించింది. ఆ నెమ్మదికే ఫెబాకు ఒళ్లు మండింది. పక్కన సిలాసు బల్లకేసి చూస్తున్నాడు.

"సిలాసు మామా, మీ ఫారమేది?"

తనదీ నింపారనీ, అన్నిటికీ లేదనే చెప్పాననీ సిలాసు గొణిగాడు.

ప్రతి ఈస్టరుకూ ఆయన చెప్పే సాక్ష్యం సంఘమంతటికీ కంఠతా వచ్చు. హుమ్నాబాదులో జీపెక్కబోతుంటే ఎక్కవద్దని స్వరం వినిపించింది. ఆ జీపు రెండు మైళ్లు పోకముందే బోల్తాపడింది. పోయినేడు ఆ మాట దగ్గర కన్నీళ్లు కూడా పెట్టాడు.

"జీపు కాడ మీతోని మాట్లాడిందెవరు మామా? డ్రైవరా?"

"అది గుడిల సంగతమ్మా. ఇది ఆఫీసు."

"అయితే ఈస్టరు నాడు మాకు అబద్ధం చెప్పిండ్రు, లేకుంటే ఈ మేడంకు చెప్పిండ్రు. మా అత్తమ్మ రెండు కాడలా ఒక్కటే చెప్పింది. అందుకే ఇంట్ల కూసున్నది."

ఏమంటున్నారని కౌన్సెలర్ అడిగింది. ఫెబా ఈసారి మరింత శ్రద్ధగా తర్జుమా చేయబోయింది. సిలాసు చేయి అడ్డం పెట్టాడు. చాలాసేపు కళ్లద్దాలు తుడిచాడు.

"నాకు కూడ వినొచ్చిందని చెప్పు," అన్నాడు చివరికి.

ఫెబా చెప్పగానే కౌన్సెలర్ కలం కింద పెట్టింది. అంతవరకూ ఎవరూ అడగని మాట అప్పుడు ఫెబా చేత తబితమ్మను అడిగించింది: ఆ స్వరం ఏమంటుంది?

"పోయిన వారం, కావేరి నిన్నటి సంది తిన్లేదు, పోయి చూడు అన్నడు. చూస్తే ఆ పిల్ల నిజంగనే తినకపాయె, ఇంటి మీద బెంగతోని. నేను రాక మూడు దినాలాయె. దాన్ని ఎవలన్న అడిగిండ్రా, తిన్నవా అని?"

ఎవరూ అడగలేదు. ఫెబా తర్జుమా విని, ఇదంతా రాయడానికి ఫారంలో చోటు లేదని కౌన్సెలర్ మెల్లగా అంది.

ఫెబా ఫారాన్ని లాగి వెనక్కి తిప్పింది. "ఇగో, ఈ దిక్కు అంత తెల్లగనే ఉన్నది. రాయుర్రి."

తబితమ్మ అంతసేపు ఆగలేదు. మేకుకు వేలాడుతున్న తాళాల గుత్తి అందుకుని పిల్లల గదుల వైపు నడిచింది. సిలాసు అడ్డుచెప్పలేదు.

ఫెబా మాత్రం కదల్లేదు. ఉత్తరం మీది సంతకాన్ని సిలాసు కొట్టివేసేదాకా లేచేది లేదని కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది. కోపం ఇంకా చల్లారలేదు. ఈసారి పొయ్యి మీద ఏమీ పెట్టి రాలేదు.