డానియేలు గొంతు

డానియేలు గల్లీ మలుపు తిరిగేసరికి మైసయ్య ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు.

కార్వాన్‌లో ఆ గల్లీ ఎంత ఇరుకంటే రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఆ పొద్దున అందులో నూరు మంది దాకా కిక్కిరిసి ఉన్నారు. మైసయ్య ఒక చేత్తో గోడ కడ్డీ పట్టుకొని, ఇంకో చేత్తో మీటరు పైకెత్తి చూపిస్తున్నాడు.

"పాత రకందే అమ్మా! కాలిపోయిన మీటర్ మారుస్తున్న, గంతే! ఈ ఇంట్ల నిన్నటిసంది కరెంట్ లేదు!"

"చిప్ మీటర్! అది చిప్ మీటరే!"

"దిగురా కిందికి!"

"ఉతర్! నీచే ఉతర్!"

ముప్పై ఏళ్లుగా ఆ గల్లీ దీపాలు చూసుకుంటున్న కాంట్రాక్టు లైన్‌మన్ మైసయ్య. ఫ్యూజు పోతే జనం ఆఫీసుకు ఫోను చేయరు, ఆయనకే చేస్తారు. ఏ ఇంట్లో ముసలమ్మకు చీకటంటే భయమో, ఏ ఇంట్లో కుట్టుమిషన్ ఆగితే పొయ్యి వెలగదో ఆయనకు తెలుసు. ఆ ఇళ్లవాళ్లే ఇప్పుడు నిచ్చెన కాళ్లు పట్టుకొని ఊపుతున్నారు.

"ఆగుండ్రి! ఆగుండ్రి!" అని అరుస్తూ, ఆయనతో కలిసి లైన్ పని చేసే డానియేలు గుంపులోకి దూరాడు. సగం దూరం పోయాడో లేదో, ఎవరో ఫోను పైకెత్తి గట్టిగా పెట్టారు. అందులోంచి ఒక మగ గొంతు వచ్చింది.

"అన్నలారా, అక్కలారా, జర ఇనుండ్రి. నేను కరెంట్ డిపార్ట్‌మెంట్లనే పని చేస్తున్న. లోపలి ముచ్చట నాకు తెల్సు..."

డానియేలు నిలబడిపోయాడు. ఆ గొంతు తనది.

అతను ఆగిపోయిన ఆ కాసేపట్లోనే నిచ్చెన ఒరిగింది. మైసయ్య వెల్లకిలా వచ్చి గడప ముందున్న రాతి మెట్టు మీద పడ్డాడు. ఆ చప్పుడుకు అందరూ వెనక్కి జరిగారు. ఫోను మాత్రం ఆగలేదు. మీటర్ పెట్టనిచ్చిండ్రంటే మీ ఇల్లు మీది కాదని చెబుతూనే ఉంది.

*

అసలు సంగతి ఏమిటంటే, కరెంటు శాఖను బాగు చేస్తామని సర్కారు వేసిన ఒక కమిటీ కొన్ని సంస్కరణలు ప్రతిపాదించింది. నలభై పేజీల ఇంగ్లీషు. సెక్షన్ ఆఫీసులో బిల్లుల కౌంటర్ దగ్గర పనిచేసే సుజన దాని నకలు సంపాదించింది. ఆమె కాంట్రాక్టు కార్మికుల యూనియన్‌కు కార్యదర్శి. లాల్‌దర్వాజాలో అద్దెకుండే పరబ్రహ్మం గారు, కోస్తా నుంచి ఎప్పుడో నౌకరీకి వచ్చి ఇక్కడే రిటైరైన పెద్దాయన, దాన్ని లైను లైనుగా తెలుగులో చెప్పారు.

"పదకొండో పేజీ చూడమ్మా, అంతా అక్కడే ఉంది," అన్నారాయన కళ్లజోడు సర్దుకుంటూ. "మీటర్లు, బిల్లులు, మరమ్మతులు అన్నీ ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చేస్తారు. ముందు డబ్బు కడితేనే కరెంటు. అది అయిపోగానే మనిషి రానక్కర్లేదు, వాళ్ల ఆఫీసులో కూర్చునే ఆపేస్తారు. మూడువందల పన్నెండు మంది కాంట్రాక్టువాళ్లు అవసరానికి మించిన సిబ్బందట. అంటే మీరంతానండి."

యూనియన్ మూడు మీటింగులు పెట్టింది. మూడోదానికి తొమ్మిది మంది వచ్చారు. వచ్చినవాళ్లలో ఇద్దరు చాయ్ తాగి లేచిపోయారు. సుజన గొంతు బొంగురుపోయేదాకా కాయితం చదివింది. డానియేలు వెనక నిలబడి ఖాళీ కుర్చీల వైపు చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం సబ్‌స్టేషన్ గోడ నీడలో టిఫిన్ డబ్బా మూసి, ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. నిమిషన్నర మాట్లాడాడు. కొత్త మీటర్లో చిప్పు ఉంటదన్నాడు. ఇంట్ల మాట్లాడుకునేదంతా అది వింటదన్నాడు. వేలిముద్ర తీస్కొని ఇల్లు కంపెనీ పేరు మీదికి మార్చుకుంటరన్నాడు. ఇదేదీ ఆ నలభై పేజీల్లో లేదు. లేదని అతనికి తెలుసు. జనం కదలాలంటే ఇంత కారం కలపక తప్పదనుకొని, పేరు చెప్పకుండా దాన్ని బస్తీ ఫోన్లలోకి వదిలాడు.

కదిలారు. ఐదు రోజుల్లో ఆ గొంతు మూసీ దాటి పోయింది. నాలుగో మీటింగుకు నాలుగు వందల మంది వచ్చారు. డానియేలు ఛాతీ పొంగింది. కానీ సుజన పదకొండో పేజీ తీయగానే జనం అరిచారు, "గది వద్దు, చిప్ ముచ్చట చెప్పుండ్రి!"

మీటింగయ్యాక సుజన అతని ముఖంలోకి సూటిగా చూసింది. "అన్నా, గా గొంతు జర నీ లెక్కనే ఉన్నది."

"బస్తీలోళ్లందరం గిట్లనే మాట్లాడుతం. నా లెక్కనే ఉంటది మరి," అన్నాడు డానియేలు.

తర్వాత ఆ మాట అతని ఫోనుకే తిరిగొచ్చింది, కొత్త తోకలతో. ఒక వైపు నుంచి వచ్చినదాంట్లో, ఈ మీటర్లు హిందువుల ఇండ్లకే పెడతరట, అవతలోళ్లకు మాఫీ అట. ఇంకో వైపు నుంచి ఉర్దూలో వచ్చింది. ముస్లింల ఇండ్ల లిస్టు రాసుకోనీకె వస్తున్నరట, లిస్టయినంక కూలగొడతరట. ఈ తోకలు తాను తగిలించలేదు. అయినా తల తనదే. ఆ సాయంత్రమే డానియేలు తన ఫోనులోంచి దాన్ని తుడిచేశాడు. ఊరి ఫోన్లలోంచి తుడిచే దారి లేదు.

*

సర్కారు దవాఖానలో మైసయ్యకు నడుము కింద స్పర్శ లేదని తేల్చారు. ఇక నడవడు.

ఆయన భార్య ఆగమ్మ పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం ఊడ్చి తుడిచే పని చేస్తుంది. మూడు రోజులుగా దవాఖాన వరండాలోనే ఉంది. డానియేలు ఆమెకు అన్నం తెచ్చాడు, మందులు తెచ్చాడు, స్ట్రెచర్ తోశాడు.

"నువ్వు లేకుంటే ఏమైపోతుంటిమి తమ్మీ. సొంత తమ్ముడు గూడ గిట్ల చూడడు," అంటూ ఆమె తన గిన్నెలోంచి అతనికీ ఒక ముద్ద పెట్టింది.

ఆమె రిపోర్టుల కోసం పోయినప్పుడు మైసయ్య కళ్లతోనే దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ ముచ్చట నేను పడకముందే ఇన్న. మా బామ్మర్ది పంపిండు. మాట సురూ చేసేముందు గొంతు సవరించుకుంటవు చూడు, గక్కడనే పట్టిన. పద్దెనిమిదేండ్లు ఒక్క నిచ్చెన మోసినం. నీ గొంతు నాకు తెల్వదారా?"

డానియేలు మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాడు. "అన్నా..."

"ఎవ్వరికీ చెప్పలే. నువ్వే చెప్తవనుకున్న."

"జనం రాలే అన్నా. కాయితం సదివితే తొమ్మిది మంది వచ్చిండ్రు. ఏం చెయ్యాలె?"

"నిజం సరిపోలేదారా? ఉన్న కష్టం చాల్లేదని లేంది కలిపితివా?"

మైసయ్య తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పైకప్పు వైపు చూస్తూ మెల్లగా అన్నాడు, "ఊపినోళ్లు చెడ్డోళ్లు కాదు. భయపడ్డరు. నేను గూడ భయపడే ఉన్న, నౌకరీ పోతదని. ఇద్దరిదీ ఒక్కటే భయం, తమ్మీ. ఇద్దరం ఒక్కదిక్కు ఉండాల్సినోళ్లం."

అదే రోజు కాంట్రాక్టర్ ఆఫీసు గోడకు నోటీసు అంటించాడు. మైసయ్య సేఫ్టీ బెల్టు లేకుండా ఎక్కాడు కాబట్టి పరిహారం రాదట. ఆ కాంట్రాక్టర్ ఏ రోజూ ఎవరికీ బెల్టు ఇచ్చినవాడు కాదు. టీవీలో ఒక పెద్ద అధికారి చిరునవ్వుతో చెప్పాడు, "సంస్కరణలను వ్యతిరేకిస్తున్నది ఎవరో ప్రజలు చూశారు. చిప్పులు, గూఢచర్యం అని కట్టుకథలు అల్లేవాళ్లే. పుకార్లకు మేం జవాబు చెప్పం."

యూనియన్ గదిలో పరబ్రహ్మం గారు టీవీ కట్టేశారు. "అయిపోయిందమ్మా సుజనా. ఇక మనం పదకొండో పేజీ గురించి అడిగినా, చిప్పు గురించి అడిగినట్టే లెక్క. వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?"

గది మూలన నిలబడ్డ డానియేలు అప్పుడు నోరు విప్పాడు. "ఆ గొంతు నాదే."

గదిలో యూనియన్ వాళ్లు పదిహేను మంది దాకా ఉన్నారు. ప్రేమ్‌రాజ్ అనే లైన్‌మన్ ఒక్క ఉదుటున లేచి అతని అంగీ పట్టుకున్నాడు. పట్టుకున్నవాడే రెండు నిమిషాలకు వదిలి తలుపు మూసి, గొంతు తగ్గించాడు. "బయట చెప్పకుండ్రి. చెప్తే యూనియన్ ఖతం. కంపెనీవాడే ఎవనితోనో చెప్పించిండు, మనల్ని బద్నాం చెయ్యనీకె చేసిండు అందాం. జనం నమ్ముతరు."

"నమ్ముతరు," అంది సుజన. "గందుకే అనొద్దు. ఒక అబద్ధంతోని మైసన్న నడుము పోయింది. ఇంకోటి చెప్తే ఎవరిది పోవాలె?"

"నేను ఠాణాకు పోయి ఒప్పుకుంట," అన్నాడు డానియేలు.

"పోయి కూసో. నీ పానం తేలికైతది. గల్లీ సంగతేంది? ఇప్పటికీ ఆ ఇండ్లల్ల నీ గొంతే మోగుతున్నది." సుజన కళ్లలో నీళ్లున్నాయి, మాట మాత్రం వణకలేదు. "ముందుగాల గక్కడ చెప్పు. మైసన్న ఎక్కడ పడ్డడో గక్కడ నిలబడి చెప్పు."

*

ఆదివారం పొద్దున చర్చికి పోవాల్సిన వేళకు డానియేలు ఆ రాతి మెట్టు మీద నిలబడ్డాడు. మీటింగుకు అనుమతి లేదు, మైకు లేదు. ఇంటింటికీ తిరిగి పిలిస్తే జనం వచ్చారు. కొందరు గడపల్లో, కొందరు మేడల మీద.

"అన్నలారా, అక్కలారా," అన్నాడు. గొంతు వినగానే ఒక ముసలాయన ఉలిక్కిపడి ఫోను వైపు చూసుకున్నాడు.

"అవును. గా గొంతే. చిప్ ముచ్చట నేను చెప్పింది. అబద్ధం. ఒక్క ముక్క గూడ నిజం కాదు. మీరు రావాలని చెప్పిన. మైసన్నను మీరు పడెయ్యలే, నేను పడేసిన."

గల్లీ భగ్గుమంది. ఒక చెప్పు వచ్చి అతని భుజానికి తగిలింది. ఒకడు ముందుకొచ్చి చెంప మీద కొట్టాడు. డానియేలు చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇంకొకడు చెయ్యెత్తేసరికి పూలు అమ్ముకునే బేబీ మధ్యలోకి వచ్చింది.

"ఆగుండ్రి! నిచ్చెన కాలు పట్టింది నేను," అంది. "ఈ కాలు నేను పట్టిన, ఆ కాలు ఎవరు పట్టిండ్రో వాళ్లకు తెల్సు. మా ఆయన పోయిన దినం మా ఇంట్ల లైటు పెట్టింది మైసన్న. నిన్ను కొడితే మాది మాఫ్ అయితదా? గొంతు నీది, చేతులు మావి."

ఎత్తిన చెయ్యి దిగింది. ఎవరో ఏడ్చారు. చాలాసేపటికి ఒక దర్జీ ముసలాయన అడిగాడు, "తో ఫిర్ సచ్ క్యా హై? అసలు నిజమేంది, గది చెప్పుండ్రి."

సుజన నకలు తీసింది. పదకొండో పేజీ తెలుగు చేసి చదివింది. దర్జీ ఒక్కో వాక్యం ఉర్దూలో మళ్లీ చెప్పాడు.

"అయితే వినే చిప్పు లేదా?" బేబీ అడిగింది.

"లేదు. పైసలు అయిపోతే కరెంటు ఆపే మీట ఉన్నది. అది కంపెనీ ఆఫీసుల ఉంటది."

"మా అత్తకు ఆక్సిజన్ మిషిన్ నడుస్తది. గప్పుడు గూడ ఆపుతరా?"

"అది మినహాయింపుల్లో రాయలేదమ్మా," అన్నారు పరబ్రహ్మం గారు తల దించుకొని. "మొత్తం వెతికాను."

"మైసన్న లాంటోళ్లు?"

"మూడువందల పన్నెండు మంది. అక్కర్లేదని రాసిండ్రు," అంది సుజన.

"గిది ముందుగాల ఎందుకు చెప్పలేదు?" ఎవరో కసిరారు.

"మూడుసార్లు చెప్పినం."

"చెప్పిండ్రు," అంది బేబీ. "మనమే పోలే."

అప్పుడే పోలీసు వ్యాను గల్లీ మొదట ఆగింది. ఇన్‌స్పెక్టర్ లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. "ఆడియో ఎవడిది?"

డానియేలు చెయ్యెత్తాడు. ఇద్దరు అతని రెక్కలు పట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్ సుజన వైపు తిరిగాడు. "నువ్వు గూడ నడువు. ఆ కాయితాలు ఇటియ్యి."

బేబీ సుజన ముందు నేల మీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె. కాసేపట్లో సుజన చుట్టూ కాలు పెట్టే సందు లేదు. నడుమన నిలబడి సుజన చదువుతూనే ఉంది.

"ఆయన అబద్ధం చెప్పిండు, తీస్కపోండ్రి," అంది బేబీ. "ఈమె సర్కారు రాసింది చదువుతున్నది. సర్కారు రాసింది తప్పంటే రాసినోన్ని పట్టుకోండ్రి!"

వ్యాను ఒక్క మనిషితోనే వెనక్కి పోయింది.

*

జైల్లో పన్నెండో రోజు ములాఖత్‌కు మనిషి వచ్చిందన్నారు. ఇనుప జాలీ అవతల ఆగమ్మ నిలబడి ఉంది.

"డానియేలూ," అంది. తమ్మీ అనలేదు. "మాఫ్ చేసిననుకొని ఆశపడకు. చెయ్యలే."

అతను తలూపాడు.

"గురువారం గల్లీకి కంపెనీ సర్వేవాళ్లు వచ్చిండ్రు, రెండు వ్యాన్ల పోలీసులతోని. మేం రాళ్లు ఎయ్యలే, బూతులు తిట్టలే. ప్రతి గడపల ఇద్దరు కూసున్నం. గేటు కాడికి రాంగనే ఒక్కటే అడిగినం. సారూ, పదకొండో పేజీల రాసింది నిజమేనా కాదా? జవాబు చెప్పి లోపలికి పో. మొదటి ఇంట్ల గదే, రెండో ఇంట్ల గదే. తొమ్మిదో ఇంటి కాడ ఆ సారు రుమాలు తీసి మొఖం తుడుసుకున్నడు. పద్నాలుగో ఇంటి కాడికెల్లి మర్లిపోయిండ్రు." ఆమె కొంగుతో నుదురు తుడుచుకుంది. "మల్ల వస్తరు. ఈసారి కొట్టనీకె వస్తరు. తెల్సు."

"అన్న ఎట్లున్నడు?"

"గట్లనే ఉన్నడు. పొద్దున సాయంత్రం ఆ పక్కకు ఈ పక్కకు మర్లేసి పండబెట్టాలె. నా ఒక్కదానితోని అయితలేదు." ఆమె ఆగింది. "నువ్వు బయటికొచ్చే జమానత్‌కు సుజన ఒకరు, నేనొకదాన్ని సంతకం పెట్టినం. నువ్వు వానికి ఏమైతవమ్మా అని కోర్టుల గుమాస్తా మూడుసార్లు అడిగిండు. దెబ్బ తిన్నోని భార్యనని మూడుసార్లు చెప్పిన."

డానియేలు జాలీకి నుదురు ఆనించాడు. ఏడుపు ఆగలేదు. ఆగమ్మ ఆగేదాకా చూసింది, ఓదార్చలేదు.

"ఏడ్సుడు అయిపోయిందా? ఇను. రేపు బయటికొస్తవు. పొద్దుగాల మా ఇంటికొచ్చి ఆయన్ని మర్లెయ్యాలె. తర్వాత సుజనతోని పోవాలె. ఐతారం నాడు పత్తర్‌గట్టి, తర్వాత లాల్‌దర్వాజా. ఎన్ని బస్తీలకు నీ గొంతు పోయిందో గన్ని బస్తీలకు నువ్వు నడిచి పోవాలె. నిలబడి నేను అబద్ధం చెప్పిన అనాలె. గంతవరకు చెప్పి దిగిపోవుడు కాదు, కాయితం సదివి నిజం గూడ చెప్పాలె. కొడితే పడు."

"మస్తు బస్తీలకు పోయింది వదినా. యాడాది పడతది."

"పడనీ," అంది ఆగమ్మ.

జవాను టైమైందన్నాడు. ఆమె చెప్పులు తొడుక్కొని, వెనక్కి చూడకుండా నడిచింది.