గింజ ఉడికే దాకా

“చిక్కుడు గింజల డబ్బా మూత లాగి, గిన్నెలో బోర్లించి, వేడి చేస్తే రెండు నిమిషాల పని. దానికి రాత్రి నుంచీ ఈ యజ్ఞమేమిటే?” అన్నాడు మొగుడు, బూట్ల లేసు కట్టుకుంటూ.

ఆయన బస్సు డిపోలో టైంకీపరు. బస్సులు ఆయన మాట వింటాయో లేదో గానీ, ఇంట్లో మాత్రం ఆయన దగ్గితే కాఫీ కదిలేది, ఆవలిస్తే పక్క పరుచుకునేది. కాఫీకీ పక్కకీ కాళ్లుంటాయని ఆయనకు గట్టి నమ్మకం. ఆ కాళ్లు ఎవరివో ఎన్నడూ వంగి చూడలేదు.

ఆమె కాఫీ గ్లాసు అందించింది. వీధి మలుపులో బేకరీ నడిపే పెద్దావిడ సాయంత్రం ఆ గింజల రుచి చూడటానికి వస్తానంది. నచ్చితే పొద్దుటి పూట బేకరీ పొయ్యి ఆమెకి అప్పగిస్తుంది. “నువ్వు పోతే నా కాఫీ?” అన్నాడు మొగుడు. “మేమంతా ఉద్యోగాలు చేసే సంసారాలు ఈదామా?” అని అత్త వంత పాడింది. వద్దని మాత్రం ఎవరూ అనలేదు సుమా! వద్దనాల్సిన అవసరం ఆ ఇంట్లో ఏనాడూ రాలేదు.

రాత్రి తెల్ల చిక్కుడు గింజలు నానబోసి, పిల్లి ముట్టకుండా మూత మీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టింది. తెల్లారి చూస్తే గింజలు మూతని ఎత్తి, ఇస్త్రీపెట్టెని దొర్లించి, గట్టెక్కి కూర్చున్నాయి! ఇంకో గంట ఆలస్యమైతే కప్పు లేచిపోయి పై వాటా వాళ్లు వీధిలో పడేవారని పక్కింటి దర్జీ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. ఆమెకి నవ్వు రాలేదు. ఒక గింజని అరచేతిలో పెట్టుకుని అలా నిలబడిపోయింది. నిన్న గులకరాయిలా ఉన్నది. చెయ్యి లేదు, నోరు లేదు, ఎవరితోనూ పోట్లాడలేదు, మూల కూర్చుని నీళ్లు తాగిందంతే. ఇంత బలం ఇందులో ఎక్కడ దాగుంది? తనలోనే ఉందా, నీళ్లే ఇచ్చాయా? పెళ్లయిన నాటి నుంచీ ఈ వంటింట్లో ఎన్ని గుప్పిళ్లు కడిగింది, ఒక్కదాని ముఖమైనా చూసిందా?

గింజలు పొయ్యి మీద పెట్టి, బట్టలు ఆరేయడానికి మేడెక్కింది. దిగేసరికి, మధ్యాహ్నం భోజనానికొచ్చిన మొగుడు గరిటె పట్టుకుని ఉన్నాడు. పక్కన తీసి పెట్టిన టమాటా గుజ్జు, బెల్లం, ఆవపొడి అన్నీ గిన్నెలో కుమ్మరించేశాడు.

“నీ పని తేలిక చేశానే!”

పచ్చిగా ఉండగా పులుపు తగిలిన గింజ బిగుసుకుపోతుంది, ఇక ఓ పట్టాన మెత్తబడదు. ఆమె ఆ గిన్నెని ఓవెన్‌లోకి నెట్టింది.

సాయంత్రం బేకరీ ఆవిడ వచ్చింది. గింజ ఉడకలేదు. మొగుడు గోడ గడియారం కేసి చూశాడు, గిన్నె కేసి చూశాడు, కంచం మీద వేళ్లతో తాళం వేశాడు.

“ఇంకెంతసేపే?”

ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి ఆమె నోట ఒకటే మాట: ఇదిగో అయిపోయింది. పచ్చిదైనా సరే, అయిపోయింది. ఈసారి నాలుక తిరగలేదు.

“ఉడికే దాకా,” అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇల్లు విరిగి మీద పడలేదు. అదే ఆమెకి ఆశ్చర్యం. అత్త కూర్చుంది, వచ్చినావిడ కూర్చుంది, చివరికి బస్సుల్ని తరిమే మనిషీ కూర్చున్నాడు. తీపీ కారం కలిసిన వాసన తలుపు సందుల్లోంచి మెట్లు దిగి వీధిలోకి నడిచింది. ఆ వాసనకి అటుగా పోతున్న వాళ్లు తమ ఇళ్లు మరిచి ఈ మెట్లెక్కారని చెప్పుకుంటారు, ఎంతవరకు నిజమో.

ఎట్టకేలకు గింజలు మెత్తబడ్డాయి. వేలితో నొక్కితే వెన్న. తొలి కంచం అత్త ముందు పెట్టిందామె. ముసలావిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పొగకి కళ్లు చికిలించి, “ఇంత వేడిగా తినడం నాకు ఇదే మొదలే, అమ్మాయ్,” అంది, దొంగతనం ఒప్పుకున్నట్టు మెల్లగా. అందరికీ పెట్టాక చల్లారింది తినడమే అత్తకీ తెలుసు.

బేకరీ ఆవిడ గిన్నె ఊడ్చి, వేళ్లు నాకి, “రేపు వస్తావా?” అంది.

“రాదండీ,” అన్నాడు మొగుడు, నోటి నిండా గింజలతో. “పొద్దున్నే ఇంట్లో పని...”

“అడిగింది నన్నండీ,” అందామె. గొంతు పెంచలేదు. ఆవిడ వైపు తిరిగింది.

“ఎన్నింటికి రమ్మంటారు?”