పర్మిట్ లేని తవ్వకం

బావ గోతిలో బోర్లా పడిపోతుంటే పదిహేనుమంది కూలీలం చూశాం. మూతికి గుడ్డముక్క లేదు, ముక్కు నిండా నల్లమట్టి. కాంట్రాక్టర్ కారు దిగనైనా దిగలేదు. అద్దం దించి, "పొద్దున్నే తాగొచ్చాడా వెధవ?" అన్నాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి మా బావ. మూడో రోజుకి ప్రాణం పోయింది. ఆ మాట మాత్రం మా అక్కను వదల్లేదు.

తమ్ముళ్లూ, అది మూతపడ్డ బ్యాటరీల ఫ్యాక్టరీ. ముప్పై ఏళ్లు సీసం తాగిన నేల. దాన్ని తవ్వి తరలించాలంటే పర్మిట్ ఉండాలి. పర్మిట్‌లో అన్నీ ఉన్నాయి: మట్టి తడపాలి, మాస్కులివ్వాలి, లారీ మీద టార్పాలిన్ పట్టా కప్పాలి, దూరంగా సిమెంటు గుంటలో పూడ్చాలి. లారీకో చీటీ, దానిమీద లోడు ఎత్తినవాళ్ల వేలిముద్ర.

మా తప్పు ఇక్కడే ఉంది, దాచను. పని మొదలయ్యాక మట్టివేళ్లతో ముద్ర సరిగ్గా పడదు. అందుకని పొద్దున్నే, చేతులు శుభ్రంగా ఉండగానే, ఆ రోజుకు సరిపడా ఖాళీ చీటీల మీద ముద్రలు వేసి ఇచ్చేసేవాళ్లం. కాంట్రాక్టర్ తనకు కావలసింది రాసుకున్నాడు. మాస్కులు అందాయని రాశాడు. మట్టి గుంటకు చేరిందని రాశాడు.

అది చేరింది మా కాలనీకి. బావ శవం దగ్గర లారీ డ్రైవరు నోరు విప్పాడు. పల్లంలో ఉన్న మా ఇళ్ల మధ్య కాంట్రాక్టర్ ఆ మట్టే పోయించి, పైన జానెడు ఎర్రమట్టి పరిపించాడట. మెరక చేశాడని ఆ దొంగకు మేం దండం కూడా పెట్టాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క పర్మిట్ ఇచ్చిన ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగింది. అక్కడి అధికారిది ఒకటే పాట. "మీ కాలనీలోది మామూలు మట్టేనమ్మా. విషపుమట్టి గుంటకు చేరిందని మీ వేలిముద్రలే ఉన్నాయి."

ఆదివారం కొళాయి దగ్గర అందరం కూడాం.

"వాడి కారు తగలబెడదాం!" అని అరిచాను.

"కారు పోతే ఇంకోటి కొంటాడు," అంది అక్క. "మా ఆయన ముక్కులో కూరిందేదో వాడి గుమ్మంలో పోద్దాం. పర్మిట్‌లో ఎలా ఉందో అలాగే."

మర్నాడు పొద్దున్నే కాలనీ అంతా పారలు పట్టింది. మట్టి తడిపాం. మూతులకు గుడ్డలు కట్టుకున్నాం. డ్రైవరు లారీకి పట్టా కట్టాడు. కాంట్రాక్టర్ ఇంటి గేటు ముందు నల్లగా గుమ్మరించాం.

వాడు చేతిరుమాలు ముక్కుకు అదుముకుని పరుగెత్తుకొచ్చాడు. "తీయండ్రా! లోపల పిల్లలున్నారు!"

"మామూలు మట్టే కదయ్యా," అంది అక్క. "ముక్కెందుకు మూసుకున్నావ్?"

పోలీసులొచ్చారు, అధికారీ వచ్చాడు. "కేసు రాయండి!" అని కాంట్రాక్టర్ చిందులు తొక్కాడు. "పర్మిట్ లేకుండా విషపుమట్టి తవ్వారు! ఒక్కణ్ణీ వదలొద్దు!"

అధికారి మొహం పాలిపోయింది. వాడి చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. వాడు విదిలించుకున్నాడు. ఎస్సై అప్పటికే రాయడం మొదలుపెట్టాడు.

కాగితం అక్క ముందుకొచ్చింది. అక్క చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "చదవండి. వింటేనే ముద్ర."

ఎస్సై విసుక్కుంటూ చదివాడు. "కాలనీలో పోసి ఉన్న, ఫ్యాక్టరీ తాలూకు విషపుమట్టిని..."

"అక్కడ ఆపి, ఇంకోసారి చదవండి," అంది అక్క.

రెండోసారి విన్నాక అక్క వేలు నొక్కింది. ఆ వెనక నేను, నా వెనక డ్రైవరు.

"నేనూ తవ్వాను, నా పేరు రాయండి!"

"నాదీ రాయండి!"

వ్యాను చాల్లేదు. ఎస్సై దగ్గర కాగితాలూ చాల్లేదు.

వ్యానెక్కుతూ అక్క కాంట్రాక్టర్ వైపు తిరిగింది. "మా ఆయన తాగి చావలేదని నువ్వే రాయించావురా. జైలు నుంచి మేం వస్తాం. నువ్వు వెళ్తావు."

అప్పుడే వీధి మలుపులో మా కాలనీ నుంచి వస్తున్న రెండో లారీ కనిపించింది. పట్టా కప్పి ఉంది, మట్టి తడిపి ఉంది.