మార్తమ్మ కాలికి తగ్గ క్లచ్

దెందులూరు హైవే పక్కన కార్ల రిపేరు షెడ్డు ఉన్న వరదానం చెయ్యి పడితే ఎంతటి మొండి క్లచ్ అయినా దారికి రావాల్సిందే. అలాంటివాడి పప్పులు సొంత ఇంటి కారు దగ్గర ఉడకలేదు.

ఆ కారు భార్య మార్తమ్మది. ఆవిడ నర్సు. పదేళ్ళుగా అందులోనే కొల్లేటికోట వైపు ఊళ్ళు తిరిగి పసిపిల్లలకి టీకాలు వేస్తోంది. మొన్న వానల్లో చెరువు గట్టు మీద జారి ఎడమ చీలమండ విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ పాదం కిందికి వంగదు. తొక్కితే క్లచ్ పెడల్ సగం దాకా వెళ్ళి ఆగిపోతుంది, గేరు కీచుమంటుంది.

వరదానం కేబుల్ నట్టు బిగించి, తనే తొక్కి చూసి, "వెన్నలా ఉంది" అన్నాడు. మార్తమ్మ కూర్చుంటే మళ్ళీ అదే కీచు. మూడుసార్లు బిగించాడు, మూడుసార్లూ అంతే.

"ఇక తిరగలేనని సోమవారం కాగితం రాసిచ్చేస్తానండీ. ఆ ఊళ్ళు ఇంకెవరైనా చూసుకుంటారు," అంది మార్తమ్మ, గోడకేసి చూస్తూ.

ఆ ఊళ్ళు పోతే మార్తమ్మలో సగం పోయినట్టే. అది వరదానానికి తెలుసు.

శనివారం షెడ్డులో కారెక్కి తొక్కుతుంటే తన పాదం కేసి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, పెడల్ నేలకి తగిలేదాకా ఆగదు. ఇన్నిసార్లూ క్లచ్ బిగించింది తన కాలికి తగ్గట్టే. తనని తాను నాలుగు తిట్టుకుని, తన ఎడమ చీలమండ కూడా వంగకుండా దానికి అటూ ఇటూ రెండు చెక్కముక్కలు పెట్టి తువ్వాలుతో బిగించి కట్టాడు.

కుంటుతూ దిగడం, నట్టు కాస్త తిప్పడం, కుంటుతూ ఎక్కడం. షెడ్డుకొచ్చినవాళ్ళు నవ్వారు. నవ్వుకోనీ. క్లచ్ కాలిపోకుండా పెడల్ పైన కొంచెం ఆట, అంటే ఉత్త కదలిక, మిగలాలి, సగం తొక్కుకే గేరు పడాలి. మధ్యాహ్నానికి కుదిరింది.

అన్నం క్యారేజీతో వచ్చిన మార్తమ్మ కంగారుపడింది. "ఏమైందండీ కాలికి?"

"ఏం కాలేదు. ఎక్కి తొక్కు."

మార్తమ్మ నొప్పి మొదలయ్యే చోటు దాకా తొక్కి ఆగింది. గేరు చప్పుడు లేకుండా పడింది. మలుపు దాకా వెళ్ళి వచ్చేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. దిగి, బల్ల మీద కూర్చున్న భర్త కాలి కట్టు విప్పింది. చర్మం కమిలిపోయింది.

"నీకు రోజూ ఇంత నొప్పా?" అన్నాడాయన.

"ఇంతేనండీ."

"ఎన్నిసార్లో చెప్పావు. విన్నాను గానీ తెలియలేదు మార్తా."

ఆవిడ ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా నిమిరింది. "సోమవారం కొల్లేటికోట వెళ్ళాలండీ," అంది. "టీకాలు పడని పిల్లలు చాలామంది మిగిలిపోయారు."