చెవికందని చెయ్యి

సూది గుచ్చే పిల్లకు నా నరం దొరకడం లేదు. అప్పటికే మూడుసార్లు పొడిచింది. ముప్పై మూడేళ్లు బడిపంతులుగా బతికినవాణ్ణి, నోరు ఊరుకుంటుందా? "ఏం మే, నీకు సదువు చెప్పినోడు ఎవడు?" అని కసిరాను. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గది ఊడుస్తున్న ఆయా చీపురు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. నా ముంజేతిని నిమిరి ఒకచోట బొటనవేలు ఆనించింది. "ఈడ సూడు పాపా. పైకి కనపడదు, ఏలికి తగుల్తాది." ఈసారి సూది సరిగ్గా దిగింది. సెలైన్ చుక్కలు పడటం మొదలైంది. పిల్ల బతుకుజీవుడా అని బయటికి పోయింది.

"నువ్వే గుచ్చింటే నాకీ పోట్లు తప్పిండేవి కదమ్మా."

"నేను ఆయాను సార్. సూది ముట్టుకోగూడదు." నవ్వింది. "నన్ను గుర్తుపట్టలేదా? ఓర్వకల్లు కాడ మీరు పనిచేసిన ఊరే మాది. మద్దమ్మ కూతుర్ని, శివజ్యోతిని."

మద్దమ్మ పేరు తగిలింది గానీ పిల్ల గుర్తు రాలేదు. పెళ్లయి కర్నూలుకు వచ్చినప్పటినుంచీ ఈ ఆసుపత్రిలోనే పనట. నాకు మళ్లీ పంతులుబుద్ధి పుట్టింది. "ఇంత పని తెలిసి నర్సింగు సదవకుండా ఏం చేస్తాంటివి ఇన్నేండ్లు? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాల."

"నిన్ననే పొయ్యొస్తి సార్ నర్సింగు కాలేజీకి. ఓపెన్ ఇంటరు కట్టి, డ్యూటీ దిగినాక సదువుకుంటి. పోయినేడు ఇంగ్లీషు పోయింది, ఈయేడు పాసయితి. మా ఇంటి ఆయప్ప కూడా పో అన్న్యాడు. కాలేజీలో సర్టిఫికెట్టు సూసి వాపసిచ్చిరి. ముప్పై అయిదు దాటగూడదంట. నాకు ముప్పై ఆరు." కొంగుతో నా చేతిమీది రక్తపు చుక్క తుడిచింది. "తప్పు నాదే లే సార్. శానా ఆలస్యం చేస్తి."

ముప్పై ఆరు. వయసుల లెక్క నా వృత్తి. అంటే బళ్లో చేరి ముప్పై ఒక్కేళ్లు. నాకప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో పుట్టినరోజు రాసిపెట్టుకున్నవాళ్లెవరు? బిడ్డ కుడిచెయ్యి తలమీదుగా పోయి ఎడమచెవిని అందుకుంటే అయిదేళ్లు నిండినట్టు. తేదీ జూన్ ఒకటి అని రాసేవాణ్ణి. మా బళ్లో సగంమంది జూన్ ఒకటినే పుట్టారు, నా కలం పుణ్యమా అని. ఆమె చేరిన సంవత్సరం పిల్లలు ముప్పై తొమ్మిదిమంది తేలారు. నలభై లేకపోతే రెండో టీచరును ఎత్తేసి దూరం పంపిస్తారని మాట వచ్చింది. ఆ రెండో టీచరును నేనే. అప్పుడే కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నాను.

మద్దమ్మ బిడ్డను చంకనేసుకుని వచ్చింది. "శెనక్కాయ కలుపుకు పోవాల సార్. యాడ ఇడిసిపెట్టేది? మూడు నిండినాయి, అంతే." పిల్ల చెయ్యి నెత్తి దాటలేదు. నేనే మణికట్టు పట్టి లాగి చెవికి తగిలించాను. పిల్ల నొప్పికి కెవ్వుమంది. అయిదేళ్లని రాశాను. నలభై నిండాయి.

ఊరుకోవచ్చు. మద్దమ్మ ఎప్పుడో పోయింది. ఆ రిజిస్టరును చెదలు తినే ఉంటాయి. కానీ నరం చూపించిన ఆ బొటనవేలు ఇంకా నా చేతిమీదే ఉన్నట్టుంది. నాకు సిగ్గేసింది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

శివజ్యోతి మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "అయితే నాకిప్పుడు ముప్పై నాలుగేనా సార్?"

"అవునమ్మా. నేను రాసిస్తా. కాలేజీకి నేనే వస్తా, తప్పు నాదని చెప్తా."

"సర్టిఫికెట్టులో ఏముంటే అదేనంట సార్. ఇంకేం రాసిచ్చినా చెల్లదంట." కోపం లేకుండానే అంది. కోపం వచ్చి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

సెలైన్ సీసా సగానికి వచ్చింది. ఆమె మళ్లీ వేళ్లు మడిచి చూసుకుంది.

"సార్, ఒకటో తరగతిలో అందరూ అఆలు దిద్దుతాంటే నాకు బలపం పట్టుకునేకి కూడా రాకపోయె. మీరు బెత్తంతో కొట్టి, 'మొద్దుదానా, గొర్లు కాసుకోపో' అంటిరి. రెండో తరగతిలో కూడా అంటిరి. పది పాసయినాక మాయమ్మ, ఇంటరు సదివి నర్సమ్మవు కామ్మే అన్న్యాది. మొద్దుదాన్ని, నాకేడ వస్తాది అనుకుంటి. అందుకే సార్ నేను ఇన్నేండ్లు పోలేదు."

బెత్తం నాకు గుర్తుంది. ఆ మాట గుర్తు లేదు. ఎంతమందిని అన్నానో.

"నాకప్పుడు మూడేండ్లేనా?"

తలూపాను.

"అయితే నేను మొద్దును కాదా సార్?"

"కాదు తల్లీ," అన్నాను.

సీటు పోయిందని చెప్పినప్పుడు కంటతడి పెట్టని మనిషి, ఆ మాటకు మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది.