ఇంకొక్కటి

రబ్బరు పట్టీని తలుపు కొక్కేనికి మెలేసి రెండు చేతులతో లాగి చూశాడు. తెగలేదు. నిన్న ఒక ముసలాయన చేతిలో ఇలాంటిదే తెగి చెంపకు తగిలింది. ఆయన ఏడ్చాడు. నెలల తరబడి సూదులు పొడిపించుకుని కిక్కురుమనని మనిషి రబ్బరు ముక్క కొట్టినందుకు ఏడ్చాడు.

తడిగుడ్డతో చాపలు తుడిచాడు. పిడికిట్లో నొక్కే బంతుల్ని సబ్బునీళ్ళలో ముంచి తీసి కిటికీ గట్టు మీద ఆరబెట్టాడు. కుర్చీలు గుండ్రంగా వేశాడు. సొంతంగా లేవలేనివాళ్ళకు చేతులున్న కుర్చీలు కావాలి, అవి గోడ పక్కన. వంగి లేచేటప్పుడు మోకాలు కలుక్కుమంది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు.

ఆస్పత్రి వెనకభాగంలో, బట్టలుతికే గదికీ వంటగదికీ మధ్య ఉంది ఆ హాలు. కాన్సరు వైద్యం పూర్తయిందని ఇంటికి పంపేసినవాళ్ళు మళ్ళీ తినడం, మళ్ళీ నడవడం నేర్చుకోవడానికి అక్కడికి వస్తారు. తలుపు మీద 'గెలిచినవాళ్ళ గది' అని రంగురంగుల అక్షరాలతో రాయించారు. లోపల గెలిచినవాళ్ళు చెంచాడు పాలు మింగడానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఉంటారు.

అతను మొదట్లో స్ట్రెచరు తోసేవాడు. మోకాళ్ళు అరిగాక తుడవడానికీ సర్దడానికీ ఈ గదిలో వేశారు. కసరత్తులు నేర్పే అమ్మాయికి ఒకసారి గొంతు పూడుకుపోతే ఆమె బదులు లెక్కపెట్టాడు. అప్పటినుంచి లెక్క అతనిదే అయింది. పదికి ఆపమంటే పదకొండోది చేయిస్తాడు. చెంచా కింద పెట్టబోతే చెయ్యి పట్టుకుని "ఇంకొక్కటి" అంటాడు. అలా అసలు పేరు ఎటో పోయి ఇంకొక్కటి మామయ్యగా మిగిలాడు.

"మామయ్యా, పెళ్ళినాడు కూడా ఇంకొక్కటి అన్నావా ఏంటి?" అన్నాడు లారీ డ్రైవరు కుర్చీలో కూలబడుతూ. అతని కడుపులో సగం కోసేశారు. మిగతా సగంతో జోకులేస్తాడు.

"అంటే ఊరుకునేదా మీ అత్తయ్య? ఇస్త్రీపెట్టె పెట్టి వీపు కాల్చేది."

అందరూ నవ్వారు. నవ్వు కూడా కసరత్తేనని గోడ మీద కాగితం అంటించారు కాబట్టి ఇంకాసేపు నవ్వారు.

అతని భార్య పక్కగదిలోనే ఇస్త్రీ చేసేది. ఆస్పత్రి దుప్పట్లన్నీ ఆమె చేతికిందనుంచే పోయేవి. బలమైన జబ్బలు, ఎర్రగా కందిన చేతులు, గదంతా వినపడే గొంతు. మధ్యాహ్నం ఇస్త్రీబల్ల మీదే డబ్బా తెరుచుకుని నోటినిండా పెట్టుకుని మాట్లాడేది. "మింగి మాట్లాడవే" అంటే, "మింగితే మాట మర్చిపోతా" అనేది. ఆ గొంతులోనే పుట్టింది జబ్బు. రేడియేషన్ అని కరెంటు పెట్టారు. జబ్బు కాలిపోయింది. దాంతోపాటు ఉమ్మి ఎండింది, రుచి చచ్చింది. ఏం పెట్టినా తుప్పు నమిలినట్టుందని పక్కకు నెట్టేది. ఊళ్ళోవాళ్ళందరి చేతా తినిపించే మనిషి ఇంట్లో కంచం ముందు నోరు మూసుకుని కూర్చునేవాడు. ఇక్కడి బతిమాలుడు అక్కడ పనిచేయలేదు. పెళ్ళాం ముందు ఎవడి విద్యా పారదు.

ఇవాళ బరువులు చూసే రోజు. ఆమె కూడా వస్తుంది.

బరువు తగ్గినవాళ్ళను పైఅంతస్తుకు పంపుతారు. మళ్ళీ స్కానింగు ఫోటోలు, మళ్ళీ పరీక్షలు, ముక్కులోంచి కడుపులోకి గొట్టం. గొట్టంతో ఆమె ఒకసారి పడుకుంది. చేతులు మంచానికి కట్టేసి మరీ ఉంచారు, పీకేసుకుంటుందని. వాళ్ళిద్దరికీ పైఅంతస్తంటే ఆ కట్లే.

అందుకే అతను ఒక పని మొదలుపెట్టాడు. కాటా ఎక్కినవాళ్ళు తూలిపడకుండా వెనక నిలబడి మోచెయ్యి పట్టుకోవడం అతని డ్యూటీ. ముల్లు అవతలివైపుకు ఉంటుంది, పథ్యం చెప్పే మేడమ్‌కే కనపడుతుంది. భార్య ఎక్కినప్పుడు అతని కుడికాలి బొటనవేలు కాటా అంచు మీద వాలేది. ముల్లు కిందటిసారి ఉన్నచోటే నిలబడేది. మేడమ్ తల ఊపేది. ఆ తల ఊపుడు కోసం వారమంతా ఊపిరి బిగబట్టి బతికేవాడు. భార్యను కాపాడుతున్నాననుకున్నాడు. ఆమె ఎండిపోతుంటే కళ్ళెదుట చూస్తూ అలా అనుకోగలిగాడు. మగవాడి పిరికితనానికి ప్రేమని పేరు పెట్టడం తేలిక.

ఆమె వచ్చేసరికి కసరత్తు సగమైంది. పొడుగు గౌను వేసుకుంది. ఎప్పటికన్నా నెమ్మదిగా, పాదాలు ఈడుస్తూ నడిచింది. సామాను గదిలోకి వెళ్ళి కాసేపటికి వచ్చింది. చేతి సంచీ అక్కడ పెట్టడానికి అనుకున్నాడు.

"ఏంటే, అంత ఆయాసం?"

"నడిచొచ్చా. ఎగిరొస్తాననుకున్నావా?"

ఒక్కొక్కరే కాటా ఎక్కారు. డ్రైవరుకు కాస్త పెరిగింది. ఒకావిడకు తగ్గింది. పేరు పిలిచి పైకి వెళ్ళమన్నారు. ఆవిడ చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. ఎవరూ ఆవిడ మొహం చూడలేదు.

భార్య ఎక్కింది. అతను వెనక నిలబడి మోచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళమధ్య ఎముక తగిలింది. బొటనవేలు అలవాటుగా అంచు మీద ఆన్చాడు. వారంలో ఇంకా చిక్కిందని తెలుసు కాబట్టి ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

మేడమ్ ముల్లు వంక చూసి కళ్ళజోడు సర్దుకుంది. మళ్ళీ చూసింది.

"ఎంత పెరిగారండీ! ఏం తింటున్నారు? అందరికీ చెప్పండి."

చప్పట్లు కొట్టారు. "అత్తయ్య దొంగచాటుగా నా వాటా కూడా లాగించేస్తోందేమో, అడగండి మేడమ్" అన్నాడు డ్రైవరు. ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. తన వేలు ఎంత నొక్కగలదో తనకు తెలుసు. ఇది వేలి పని కాదు.

"ఇంక కొన్ని నెలల దాకా రానక్కర్లేదు మీరు" అంది మేడమ్.

సామాను గదిలోకి ఆమె వెనకే వెళ్ళి తలుపు మూశాడు. ఆమె చాపల కుప్ప మీద కూర్చుని గౌను పైకి లాగింది. రెండు పిక్కలకూ ఇసుక పట్టీలు కట్టి ఉన్నాయి. కాళ్ళు గట్టిపడడానికి కట్టుకుని ఎత్తే పట్టీలు. పిక్క కన్నా పట్టీ లావుగా ఉంది. అతను మోకాలు నొప్పి మర్చిపోయి నేలమీద కూర్చుని ముడులు విప్పాడు. చర్మం మీద అచ్చులు లోతుగా పడ్డాయి.

"ఎప్పట్నించే ఇది?"

"నీ బొటనవేలు ఎప్పట్నించో అప్పట్నించే."

అతను విప్పిన పట్టీలు రెండూ పక్కన పెట్టాడు.

"ఇన్నాళ్ళూ ఒక కాలికే కట్టా. ఈ వారం నీళ్ళు కూడా సరిగా దిగలేదు. అందుకని రెండోదానికి కూడా. మరీ ఎక్కువైందా?"

"మేడమ్‌కి చెప్పేస్తా."

"ఏం చెప్తావ్? నా పెళ్ళాం ఇసుక బస్తా, నేను దాని కాటికాపరిని అని చెప్తావా?" దగ్గు వచ్చింది. ఆగాక అతని భుజం మీద చెయ్యి వేసింది. "కట్టేయించుకోలేనయ్యా మళ్ళీ. ఇంటికి పోదాం."

"మధ్యాహ్నం క్లాసుంది."

"అయితే బయట కూర్చుంటా."

క్లాసుకు ముందు అందరికీ ఉడికించిన గుడ్లు పంచుతారు. నాలుక మొద్దుబారినవాళ్ళకు కాస్త చురుక్కుమనాలని పైన ఉప్పూ, బరగ్గా దంచిన మిరియాలూ చల్లుతారు. పంచేది అతనే. ఆఖరి గుడ్డు ఒలిచి, చల్లి, కాగితంలో పెట్టి వరండాలోకి తెచ్చాడు. ఆమె బల్ల మీద గోడకానుకుని కూర్చుంది.

"ఇదిగో, బేరం. నేనొచ్చేలోగా ఇది మొత్తం తింటే ఎవరికీ చెప్పను. మిగిల్చావంటే ఇద్దరం కలిసి పైకి పోదాం."

"ఒక్కటేగా?"

"ఒక్కటే."

"తర్వాత ఇంకొక్కటి అనవు కదా?"

"అనను."

ఆమె కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుంది. అతను లోపలికి వెళ్ళాడు. కిటికీలోంచి ఆమె తల వెనకభాగం, పలచగా మళ్ళీ మొలిచిన జుట్టు కనిపించాయి. తల కిందికి వంచి ఉంది. తింటోందనుకున్నాడు. ఉత్సాహం వచ్చింది. చేతులు పైకెత్తండి, దించండి, ఇంకొక్కటి. వినపడాలని గొంతు పెంచాడు. టీచరుగా చేసి మానేసిన ఒకావిడ గోడమీద వేళ్ళు పాకిస్తూ ఇక చెయ్యి ఎత్తలేనంటే, ఎత్తగలరంటూ వేళ్ళకింద తన అరచెయ్యి పెట్టాడు. అవి ఇంకాస్త పైకి పాకాయి.

క్లాసు అయ్యాక చాపలు చుట్టలేదు. బయటికి వచ్చాడు.

"తిన్నావా?"

ఆమె తల అలాగే ఉంది. గడ్డం గుండెకు ఆనింది. భుజం తాకాడు. పక్కకు ఒరగబోతే పట్టుకున్నాడు. పిలిచాడు. పోయినవాళ్ళను ఎంతోమందిని స్ట్రెచరు మీద తోసుకెళ్ళినవాడు కాబట్టి రెండోసారి పిలవలేదు.

మేడమ్ పరుగెత్తుకొచ్చింది. "పొద్దున అంత బరువు పెరిగారు కదండీ" అంటూ అక్కడే నిలబడిపోయింది. స్ట్రెచరు తెచ్చిన ఇద్దరూ అతని పాత జతగాళ్ళే. బరువు ఉంటుందనుకుని బలంగా ఎత్తారు. ఆమె చటుక్కున గాల్లోకి లేచింది. ఇద్దరూ తడబడ్డారు. ఒకడు "ఇంతేనా" అని పైకే అనేసి నాలుక కరుచుకున్నాడు. మేడమ్ అతనివైపు తిరిగింది. ఆమె కళ్ళకు విషయం అందుతుంటే అతను చూశాడు. చూసి తల దించుకున్నాడు.

స్ట్రెచరు చక్రాల చప్పుడు మలుపు తిరిగాక బల్ల వైపు చూశాడు.

కాలిన ఆ గొంతుకు మిరియం పడదు. ఇంట్లో మిరియాల డబ్బా తీసి పారేసింది అతనే. అందరికీ చల్లే చెయ్యి ఆలోచించకుండా ఆమెకూ చల్లేసింది.

కాగితం మీద ఒక మూలకు గోటితో ఒక్కొక్కటిగా ఏరి పోగేసిన నల్లటి పలుకులు, వాటి పక్కన ఒక్క మచ్చైనా లేకుండా శుభ్రం చేసిన తెల్లటి గుడ్డు, దాని కొసన పంటిగాటు ఒక్కటి.