బాయిల దొరికిన గుర్తులు

సాయంత్రం వంట ముగించి, చేతులు తుడుచుకుని, సంతోషి కంప్యూటరు ముందు కూర్చునేది. పక్కనే స్టూలు మీద ఏడేండ్ల హర్షిణి. బిడ్డకు పుట్టినప్పటి నుంచీ వినబడదు. తమ్ముడు అంజి తెచ్చిచ్చిన పాత కంప్యూటరులోనే సంతోషి, చేతులతో మాట్లాడటం నేర్పే వీడియోలను వెతికి పట్టుకుంది. ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి పేజీల పేర్లు గుర్తుండేవి కావు. దొరికినదాన్నల్లా నక్షత్రం గుర్తు నొక్కి బుక్‌మార్కుల్లో దాచుకునేది. రోజుకొక మాట. నీళ్ళు, బువ్వ, వాన, భయం. తల్లీబిడ్డలు ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ నేర్చుకునేవారు.

వైరసు పట్టిందని ఒక ఆదివారం అంజి వచ్చి, బ్రౌజరు తీసేసి మళ్ళీ ఎక్కించాడు. కంప్యూటరు చురుగ్గా నడిచింది. అయితే ఆ సాయంత్రం హర్షిణి స్టూలెక్కి, ఎప్పటిలాగే నక్షత్రం మీద నొక్కితే అక్కడేమీ లేదు.

"తీసే ముందు వాటిని ఒక దిక్కు దాచాలె అక్కా. నాకు యాదికే రాలె," అన్నాడు అంజి ఫోనులో.

సంతోషి మళ్ళీ వెతికింది. వేరే దేశపు చేతులు వచ్చాయి. వాటి మాటలు వేరు. హర్షిణి కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. నాలుగు రోజులయ్యేసరికి స్టూలు దగ్గరికి రావడం మానేసింది. ఆకలేసినా అడగకుండా, చేతులు గౌను జేబుల్లో పెట్టుకుని మంచం మీద కూర్చునేది. సంతోషి తట్టుకోలేకపోయింది.

గోదావరిఖని చుట్టూ నేల కింద బొగ్గు తీసిన చోటల్లా గుల్లే. పైన జనం పోగొట్టుకున్నవన్నీ మెల్లగా దిగి బొగ్గుబాయిలోకి చేరతాయి. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు కమ్మల సీలలు, తాళంచెవులు, నోటిదాకా వచ్చి మరిచిపోయిన పేర్లు తెచ్చి ఇస్తుంటారు. వెనకలైనులో ఉండే ఐలవ్వకు మొగుడు పోయినప్పటి నుంచీ నిద్ర లేకపోతే, బాయిలో పనిచేసే నర్సింగం ఆ నిద్రను రెండో లెవెల్లో చూసి తువ్వాలలో చుట్టి తెచ్చాడు. దొరికింది ఎవరిదో కనుక్కుని వాళ్ళకు ఇచ్చిరావడం అక్కడి మర్యాద.

భర్త జైపాల్ బాయి డ్యూటీకి బయల్దేరుతుంటే సంతోషి గుమ్మం దాకా వచ్చింది.

"బిడ్డ మాటలన్ని పోయినయి. జర చూస్తవా?"

"ఎప్పుడు పోయినయి?"

"మొన్న ఆదివారం."

"అయితే ఇంకా దిగుతుంటయి. ఫికర్ చెయ్యకు, చూస్త," అన్నాడు.

రెండు మూడు షిఫ్టుల తర్వాత ఆ గుర్తులను టిఫిను గిన్నెలో పెట్టుకొచ్చాడు. పెసరపొట్టు కన్నా పల్చగా, నీలంగా ఉన్నాయి. జైపాల్ ఒక్కొక్కటే మసి తుడిచి ఇస్తే, సంతోషి తెరకు ఆనించింది. ఏది ఎక్కడ ఉండేదో అక్కడికే వెళ్ళి కుదురుకుంది. అన్నీ అయ్యాక ఒకటి మిగిలింది. అదీ ఆనించి చూసింది. కిటికీ పక్కన కుర్చీలో ఒక అమ్మాయి చేతులతో మాట్లాడుతోంది. అన్నీ తమ మాటలే. కింద తెలుగులో ఉంది: కృష్ణప్రియ, పవర్‌హౌస్ కాలనీ, రామగుండం.

"ఇది నేను దాచింది కాదు," అంది సంతోషి.

"మరి ఇచ్చి రావాలె."

గోరుతో మెల్లగా ఊడదీసి, కాగితంలో చుట్టి, మర్నాడు హర్షిణిని వెంటబెట్టుకుని వెళ్ళింది. తలుపు తీసినావిడ పేరు మాణిక్యాంబ. సంతోషి కాగితం విప్పి చూపించింది.

"అయ్యో, ఇది మా అమ్మాయి దాచుకున్నదేనండీ, తను వీడియోలు పెట్టే పేజీ. తనకి వినపడదు, నాతో చెప్పండి. అప్పుడెప్పుడో కంప్యూటరు పాడైతే మళ్ళీ అన్నీ వేయించాం. అందులో పోయింది. ఎవరూ చూడట్లేదు కదా అని తనూ వెతకడం మానేసింది."

"మేం చూసినం అమ్మా," అంది సంతోషి.

లోపలి నుంచి కృష్ణప్రియ వచ్చింది. అరచేతిలో ఆ నీలం పొరను చూసుకుంది. తర్వాత సంతోషి కొంగు వెనక నిలబడ్డ పిల్లను చూసి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో అడిగింది.

నీ పేరేంటి?

హర్షిణి వెనక్కి తిరిగి చూసింది, తనను కాక ఇంకెవరినో అడిగిందేమోనని. చేతులతో మాట్లాడేవాళ్ళు కంప్యూటరులోనూ తన ఇంట్లోనూ తప్ప బయట ఉంటారని ఆ పిల్లకు తెలియదు. చాలాసేపటికి జేబుల్లోంచి చేతులు తీసింది. పేరు చెప్పడం రాదంది.

మనలో పేరు మనిషిని చూసి పెడతారు, అంది కృష్ణప్రియ. హర్షిణి చెంప మీది సొట్టను వేలితో తాకి, అదే నీ పేరు అంది.

బయల్దేరేటప్పుడు కృష్ణప్రియ తన తల్లి వైపు చూస్తూ గబగబా చేతులు కదిపింది.

"ప్రతి ఆదివారం తీసుకురమ్మంటోందండీ," అంది మాణిక్యాంబ. "మీ వైపు ఇంకా ఇలాంటి పిల్లలుంటే వాళ్ళనీ రమ్మంటోంది. ఇంత హుషారుగా దీన్ని చూసి ఎన్నాళ్ళయిందో."

ఆ పొద్దు జైపాల్ షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి బువ్వకు కూర్చున్నాడు. ఎంత కడిగినా కళ్ళ అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలింది. హర్షిణి ఎదురుగా కూర్చుని తండ్రి మొహాన్ని తదేకంగా చూసింది. తర్వాత చూపుడువేళ్ళతో తన రెండు కళ్ళ కింద గీతలు గీసుకుంది. జైపాల్‌కు అర్థం కాలేదు. మళ్ళీ గీసుకుంది.

"ఏమంటున్నది?" అని అడిగాడు.

"నిన్ను పేరు పెట్టి పిలుస్తున్నది," అంది సంతోషి.